ఒళ్ళు మరిచిపోయే ఆట

వీడియో గేముల మీద నేను పోస్టు రాస్తున్నానంటే మా పిల్లలు నమ్మరు. ఆ పేరెత్తితే మా ఇంట్లో నా గొంతు ఎలా మారిపోతుందో వాళ్ళకి తెలుసు. కుక్కర్ ఆరు విజిల్స్ వేసినా, వడ్డించిన అన్నం చల్లారిపోయినా, గుమ్మంలో చుట్టాలు దిగినా, సోఫాలో ఓ మూలకి ఒదిగిపోయి, మెడ ముందుకు చాచి, రెండు బొటనవేళ్ళు తప్ప ఒంట్లో ఇంకేదీ కదలకుండా కూర్చునే ఆ భంగిమ మీ ఇళ్ళల్లోనూ ఉండే ఉంటుంది. "ఒళ్ళు మరిచిపోయి ఆడుతున్నాడు" అంటాం మనం. గేములు తయారుచేసేవాళ్ళకి కావలసిందీ అదే. దాన్ని వాళ్ళు ఇమ్మర్షన్ అంటారు. ఆడేవాడు ఆటలో మునిగిపోవాలి, చుట్టూ ఉన్న గది మాయమైపోవాలి.

ఆ మునక నాకు ఇప్పటికీ పడదు. కానీ ఒళ్ళు మరిచిపోవడంలో ఇంకో రకం ఉంది. అది ఒంటిని కదిలిస్తేనే వస్తుంది. మా నాన్న ఆడుతుండగా దాన్ని దగ్గరగా చూశాను. ఆ కబుర్లే ఇవి. కొంచెం పొడుగ్గా ఉంటాయి, కాఫీ తెచ్చుకుని కూర్చోండి.

ముందు ఆ ఆటవస్తువు గురించి చెప్పాలి. పేరు వీ. నింటెండో అనే జపాన్ కంపెనీ 2006లో అమ్మకానికి పెట్టింది. అప్పటిదాకా వీడియో గేమ్ అంటే రెండు చేతులా పట్టుకునే కంట్రోలరు, దాని నిండా బటన్లు. ఏ బటన్ ఎందుకో తెలియనివాళ్ళకి, అంటే మనలాంటివాళ్ళకి, అందులో ప్రవేశం లేదు. వీ వాళ్ళు దాని బదులు టీవీ రిమోట్ లాంటిది చేతికిచ్చారు. టెన్నిస్ ఆడాలంటే ఏదీ నొక్కక్కర్లేదు, రాకెట్ ఊపినట్టు చెయ్యి ఊపితే చాలు. దీన్నే మోషన్ కంట్రోల్ అంటారు. దాన్ని తయారుచేసినవాళ్ళలో ముఖ్యుడు షిగెరు మియమోతో. అమ్మలు ఇంట్లో పెట్టుకోవడానికి ఇష్టపడే యంత్రం చెయ్యాలనుకున్నామని, తేలిగ్గా వాడుకునేట్టు, చప్పుడు లేకుండా, కరెంటు ఎక్కువ తినకుండా ఉండాలనుకున్నామని ఆయన అప్పట్లో ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు. గేములు చేసేవాళ్ళు మన గురించి కూడా ఆలోచిస్తారా అని నాకు భలే సంబరం వేసింది. అలా ఆలోచించబట్టేనేమో, అది ప్రపంచం మొత్తం మీద 10 కోట్లకు పైగా అమ్ముడుపోయింది.

మేం 2009లో న్యూజెర్సీలో ఉండగా కొన్నాం. చలికాలం నాలుగు నెలలు పిల్లలు ఇల్లు పీకి పందిరేస్తుంటే మావారే తెచ్చారు. దాంతోపాటే వీ స్పోర్ట్స్ అని ఒక డిస్కు వచ్చింది. అందులో ఐదే ఆటలు: టెన్నిస్, బేస్‌బాల్, బౌలింగ్, గోల్ఫ్, బాక్సింగ్. 2014లో హైదరాబాద్ వచ్చేశాక ఆ పెట్టె అటకెక్కింది. దాని ప్లగ్గు అమెరికా కరెంటుది, ఇక్కడ పెడితే కాలిపోతుంది. దానికోసం ఎవరు తంటాలు పడతారని అందరం వదిలేశాం.

2018 కార్తీకమాసంలో తెనాలిలో ఉన్న మా నాన్నకి పక్షవాతం వచ్చింది. కుడివైపు. దేవుడి దయవల్ల మాట పోలేదు. కాలు రెండు నెలల్లో చాలావరకు దారిలోకొచ్చింది. చెయ్యి మాత్రం రాలేదు. మా నాన్న లెక్కల మాస్టారు. ముప్ఫై ఏళ్ళపాటు బోర్డు మీద చేత్తోనే గుండ్రటి వృత్తం గీసిన మనిషి. ఆ చెయ్యి ఇప్పుడు ఒళ్ళో పడి ఉంటే దానివంక అద్దెకుండేవాళ్ళని చూసినట్టు చూసేవాడు. "ఇది నా మాట వినట్లేదమ్మలూ" అనేవాడు.

అమ్మనీ నాన్ననీ మా దగ్గరికి తెచ్చుకున్నాం. ఫిజియోథెరపీ అమ్మాయి వారానికి మూడు రోజులు వచ్చేది. భుజం పైకెత్తడం, మోచెయ్యి చాపడం, బల్ల మీద తువ్వాలు ముందుకి తొయ్యడం, ఒక్కోటి ఇరవైసార్లు. నాన్న ఒకటి, రెండు అని లెక్కపెడుతూ చేసేవాడు. చూపంతా చేతి మీదే. పన్నెండోసారికి మొహం వాడిపోయేది. ఆ అమ్మాయి ఉన్నంతసేపూ చేసి, ఆమె వెళ్ళగానే మానేసేవాడు. అమ్మ బతిమాలేది, నేను కసిరేదాన్ని. మంచం పట్టిన మనిషి ఉన్న ఇల్లు ఎలా ఉంటుందో మీలో కొందరికి చెప్పక్కర్లేదు. అందరూ మెల్లిగా మాట్లాడుకుంటారు, ఎవరూ గట్టిగా నవ్వరు.

సంక్రాంతి సెలవల్లో మావాడు గాలిపటాల చరఖా కోసం అటకెక్కి ఈ పెట్టె దింపాడు. వాడికప్పుడు పన్నెండేళ్ళు. అమెరికా మిక్సీ కోసం మేం వాడే ట్రాన్స్‌ఫార్మర్ ఉంది కదా, దానికి తగిలిస్తే ఆన్ అయింది. అయితే టీవీ దగ్గర పెట్టే సన్నటి నల్లపట్టీ ఒకటుంటుంది, దాని వైరు సామాన్ల కింద నలిగి తెగిపోయింది. మావారు రెండు కొవ్వొత్తులు తెచ్చి టీవీ ముందు జానెడు దూరంలో వెలిగించారు. అంతే, తెరమీద చెయ్యి గుర్తు కదిలింది! నేను నోరెళ్ళబెట్టాను. ఆ పట్టీలో పెద్ద యంత్రమేమీ లేదట. రెండు చివర్లా మన కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ కాంతినిచ్చే దీపాలుంటాయి. రిమోట్ ముక్కు దగ్గరున్న చిన్న కెమెరా ఆ రెండు చుక్కల్నీ చూసి, తను టీవీలో ఎటు గురిపెట్టి ఉందో తెలుసుకుంటుంది. మంటలోనూ ఆ కాంతి ఉంటుంది కాబట్టి కొవ్వొత్తులైనా సరిపోతాయి. అమ్మ ఇదంతా విని, కొవ్వొత్తులెందుకూ అంటూ ఆవునెయ్యి వేసి రెండు కుందులు వెలిగించి పెట్టింది. కొత్త పట్టీ వచ్చేదాకా మా ఇంట్లో టెన్నిస్ దీపారాధనతోనే మొదలయ్యేది.

నాన్న చేత ఆడించవచ్చా అని ఫిజియో అమ్మాయిని అడిగాం. చేతుల్లేని చిన్న కుర్చీలో కూర్చోబెట్టమని, పదిహేను నిమిషాలు మించొద్దని, భుజం నొప్పంటే వెంటనే ఆపమని చెప్పింది. రిమోట్‌కి మణికట్టుకి తగిలించుకునే తాడుంటుంది. ఆ ఆట వచ్చిన కొత్తల్లో జనం ఊపిన ఊపుకి తాళ్ళు తెగి రిమోట్లు టీవీలకి తగిలాయట. కంపెనీ 2006 డిసెంబరులోనే దళసరి తాళ్ళు మార్చి ఇచ్చింది. మాకు మాత్రం ఆ తాడు వేరే విధంగా పనికొచ్చింది. నాన్న పట్టు జారినా రిమోట్ కిందపడేది కాదు.

మావాడు మెనూలో తాతయ్య ఎడమచేతి వాటం అని పెట్టబోయాడు. నాన్న కుడిచెయ్యి చూపించి, "దీనికే పెట్టరా" అన్నాడు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. మా నాన్న చిన్నప్పుడు బాల్ బ్యాడ్మింటన్ ఆడేవాడు. పసుప్పచ్చ ఉన్ని బంతి, చెక్క రాకెట్, అటు ఐదుగురు ఇటు ఐదుగురు. బంతి నేలకి తగలకూడదు. కాలేజీ జట్టులో ఉండేవాణ్ణని చెబుతుంటే విన్నాను కానీ, ఆయన రాకెట్ పట్టగా నేనెప్పుడూ చూడలేదు. వీ టెన్నిస్‌లో మనం పరిగెత్తక్కర్లేదు. తెరమీద బొమ్మ తనే పరిగెత్తి బంతి దగ్గరికి వెళుతుంది. సమయానికి చెయ్యి ఊపడమొక్కటే మన పని. మొదటి నాలుగు బంతులూ నాన్నని దాటిపోయాయి. ఐదోది తగిలింది.

బంతి తగలగానే 'ఠప్'మని చప్పుడు టీవీలోంచి కాదు, చేతిలోని రిమోట్‌లోంచే వచ్చింది. అందులో బుల్లి స్పీకరు ఉంది. దాంతోపాటు రిమోట్ చిన్నగా వణికింది. నాన్న ఉలిక్కిపడి రిమోట్ వంక చూసి, "తగిలిందే!" అన్నాడు. తగలడానికి అక్కడ బంతీ లేదు, రాకెట్టూ లేదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. అయినా ఆ మాట అన్నాడు చూడండి, అప్పటికే ఆటలోకి వెళ్ళిపోయాడు.

పదిహేను నిమిషాలయ్యేసరికి ఆయన బనీను తడిసిపోయింది. భుజం ఎన్నిసార్లు లేచిందో, మోచెయ్యి ఎన్నిసార్లు చాచాడో ఆయన లెక్కపెట్టలేదు. నేను పెట్టాను. అరవై దాటాయి. తువ్వాలు తొయ్యమంటే పన్నెండుకే వాడిపోయే మనిషి! తేడా ఎక్కడుందో నాకు అక్కడే కనిపించింది. తువ్వాలు తోసేటప్పుడు ఆయన చేతివంక చూసేవాడు. ఇక్కడ బంతివంక చూస్తున్నాడు. బంతి కోసం చెయ్యి దానంతటదే లేస్తోంది. మా పిల్లలు ఒంటిని పక్కన పడేసి ఆటలో మునుగుతారు. మా నాన్న ఒంటిని వెంటబెట్టుకుని మునిగాడు. ఆయన మరిచిపోయింది ఒంటిని కాదు, ఒంటికున్న జబ్బుని.

ఇక మా వాడి సంగతి. వాడు సోఫాలో వెనక్కి వాలి, మణికట్టు ఇంతంటే ఇంత ఆడిస్తాడు. అయినా వాడే గెలుస్తాడు! ఇదేం న్యాయం అని మావారిని అడిగితే వివరంగా చెప్పారు. రిమోట్ లోపల యాక్సిలరోమీటర్ అని ఒక చిన్న చిప్ ఉంటుంది. దానికి మన చెయ్యి ఎక్కడుందో తెలియదు. కుదుపు మాత్రమే తెలుస్తుంది. ఆర్టీసీ బస్సులో కళ్ళు మూసుకుని కూర్చున్నామనుకోండి. బ్రేక్ వేశాడు, స్పీడు పెంచాడు, మలుపు తిప్పాడు, ఇవి తెలుస్తాయి. కానీ బస్సు మంగళగిరిలో ఉందో దుగ్గిరాలలో ఉందో తెలియదు కదా. రిమోట్ పరిస్థితీ అంతే. పెద్దగా చెయ్యి ఊపినా, మణికట్టు చటుక్కున ఆడించినా దానికి అందేది ఒక కుదుపే. ఆ లోటు కొంత తీర్చడానికే 2009లో మోషన్‌ప్లస్ అని ఇంకో ముక్క తెచ్చారు. అందులో ఉన్న గైరోస్కోప్ చెయ్యి ఎటు, ఎంత తిరిగిందో కూడా చెబుతుంది. మా దగ్గరున్నది పాతదే.

నాకు భయం పట్టుకుంది. ఈ కిటుకు తాతయ్యకి తెలిస్తే ఆయన కూడా మణికట్టు ఆడించి ఊరుకుంటాడేమో, భుజానికి వచ్చిన ఆ కాస్త కదలికా పోతుందేమోనని. వాడికి కనుసైగ చేశాను. వాడు చూడలేదు, లేదా చూడనట్టు నటించాడు.

"తాతయ్యా, అంత ఊపక్కర్లేదు. ఇదిగో, ఇలా అంటే చాలు" అనేశాడు.

నాన్న నవ్వాడు. "రెండో రోజే తెలిసిందిరా నాయనా. లెక్కల మాస్టార్ని, ఏది లెక్కలోకొస్తుందో ఏది రాదో ఆమాత్రం కనిపెట్టలేనా? అలా ఆడితే గెలుస్తాను, నిజమే. కానీ అప్పుడది టెన్నిస్ అవదు, రిమోట్ ఊపడం అవుతుంది."

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. గేముల గురించి రాసేవాళ్ళు కొందరు మోషన్ కంట్రోళ్ళని వెక్కిరిస్తారు. యంత్రం మన కదలికని సరిగ్గా పట్టుకోవట్లేదు, కాబట్టి లీనమవడం ఉత్తమాట అంటారు. సెన్సరు ఎంత బాగుంటే ఆటలో అంత మునుగుతామని వాళ్ళ లెక్క. మా ఇంట్లో ఇద్దరికీ అదే సెన్సరు, అదే రిమోట్. ఒకడు యంత్రానికి ఎంత కావాలో అంతే ఇచ్చి గెలిచాడు, అరగంటలో విసుగొచ్చి లేచిపోయాడు. ఇంకొకాయన యంత్రం అడగనిది కూడా ఇచ్చాడు, ఓడిపోతూ కూడా లేవనన్నాడు. తోలుబొమ్మలాటలో బొమ్మ వెనక కర్ర ఉందని చూసేవాళ్ళందరికీ తెలుసు. అయినా హనుమంతుడు లంక కాలుస్తుంటే కర్రని చూడరు. మునగడంలో సగం పని మునిగేవాళ్ళదే అనిపించింది నాకు.

మిగతా సగం మాత్రం యంత్రం చెయ్యాల్సిందే. మా చెల్లెలి ఇంట్లో మైక్రోసాఫ్ట్ వాళ్ళ కైనెక్ట్ ఉంది. 2010లో వచ్చింది. చేతిలో రిమోటే అక్కర్లేదు. ముందు నిలబడితే కెమెరా, ఇన్‌ఫ్రారెడ్ చుక్కలు కలిసి మన ఒంటి ఆకారాన్ని, మనం ఎంత దూరంలో ఉన్నామో పట్టేస్తాయి. వచ్చిన రెండు నెలల్లోనే 80 లక్షలు అమ్ముడుపోయిందట. అక్కడికి వెళ్ళినప్పుడు నాన్న చేత ఆడించారు. ఆయన చెయ్యెత్తితే తెరమీద బొమ్మా ఎత్తింది, చక్కగా పనిచేసింది. కానీ నాన్న రెండు నిమిషాలకే కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. "చేతిలో ఏమీ లేదు కదమ్మలూ, దేన్ని కొట్టినట్టు?" అన్నాడు. రిమోట్‌కి చెయ్యి ఎక్కడుందో కూడా తెలియదు. కానీ దానికో బరువుంది, పట్టుకోవడానికి పిడి ఉంది, బంతి తగిలితే వణుకుతుంది. రాకెట్ పట్టిన చేతికి గుర్తున్నవి అవే. మన ఒంటికి ముందే తెలిసిన పనినే ఆట అడిగితే, చేసిన వెంటనే జవాబిస్తే, ఎవరూ నేర్పక్కర్లేదు.

టెన్నిస్ తర్వాత బౌలింగ్‌కి వచ్చాం. అసలు పరీక్ష అక్కడ ఎదురైంది. బౌలింగ్‌లో రిమోట్ కింద ఉన్న బటన్‌ని చూపుడువేలితో నొక్కి పట్టుకుని, చెయ్యి వెనక్కి ఊపి, ముందుకి తెచ్చేటప్పుడు వదలాలి. వదిలితే బంతి దొర్లుతుంది. పక్షవాతం వచ్చిన చేతికి పిడికిలి బిగించడం త్వరగా వచ్చింది, విప్పడం రాలేదు. ఇలాంటి చేతుల్లో అది మామూలేనని ఫిజియో అమ్మాయి చెప్పింది. నాన్న చెయ్యి ముందుకి వచ్చేది, వేలు మాత్రం వదిలేది కాదు, బంతి చేతిలోనే ఉండిపోయేది. ఎలాగో వదిలితే ఆలస్యమయ్యేది. ఒక్కోసారి వెనక్కి ఊపేటప్పుడే వేలు జారి బంతి వెనక్కి ఎగిరిపోయేది, తెరమీద బొమ్మలన్నీ ఉలిక్కిపడి గెంతేవి. అది చూసి ఇల్లంతా పగలబడి నవ్వేవాళ్ళం. అందరికంటే గట్టిగా నాన్నే నవ్వేవాడు. ఆయన ఒళ్ళు గురించి మా ఇంట్లో నవ్వు వినపడడం మూడు నెలల్లో అదే మొదలు.

ఐదు వారాలు పట్టింది. ఒక ఆదివారం పొద్దున అమ్మ పెసరట్ల మీదకి ఉల్లిపాయలు తరుగుతోంది, నేను పొయ్యి దగ్గరున్నాను. హాల్లో బంతి దొర్లిన చప్పుడు, తర్వాత పిన్నులన్నీ పడిన చప్పుడు వినపడ్డాయి. మావాడు కేకేశాడు. వెళ్ళి చూస్తే నాన్న తెరవంక చూడట్లేదు. తన వేలు వంక చూసుకుంటున్నాడు. "వదిలింది" అన్నాడు. ఆ పూట ఇంకో నాలుగుసార్లు వదిలింది. మర్నాడు ఒక్కసారీ వదల్లేదు. అలా ముందుకీ వెనక్కీ నడుస్తుంది ఈ జబ్బు.

ఇది చదివి, మీ ఇంట్లో ఎవరికైనా ఇలా ఉంటే వెంటనే వీ కోసం వెతకొద్దు. ఇంకో సంగతి చెప్పనివ్వండి. టొరంటో డాక్టరు గుస్తావో సపోస్నిక్ ఆధ్వర్యంలో దీనిమీద ఒక పరిశోధన జరిగింది, 2016లో ప్రచురించారు. కెనడా, అర్జెంటీనా, పెరూ, థాయ్‌లాండ్‌లలో కొత్తగా స్ట్రోక్ వచ్చిన 141 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టు మామూలు చికిత్సతోపాటు రెండు వారాల్లో పదిసార్లు వీ ఆడింది. రెండో జట్టు అంతే సమయం పేకముక్కలు, బింగో, జెంగా, బంతాట లాంటివి ఆడింది. చివరికి చూస్తే ఇద్దరి చేతులూ బాగుపడ్డాయి, ఇద్దరికీ తేడా లేదు. బింగో అంటే మన కిట్టీ పార్టీల తంబోలాయే కదా!

మావారు ఇది చదివి వినిపిస్తే మా వాడి మొహం చిన్నబోయింది. నాకు మాత్రం ప్రాణం హాయిగా అనిపించింది. అంటే గొప్పతనం పెట్టెది కాదన్నమాట. చేతిని చేతిగా చూసుకోవడం మానేసి, దేనికోసమో చెయ్యి చాపాలి. పక్కన ఒక మనిషి కూర్చుని ఆడాలి. ఆ రెండూ ఉంటే చాలు. మరుసటి వారం కరెంటు పోయినప్పుడు అమ్మ గవ్వలు తీసింది. అష్టాచెమ్మా. గవ్వలు గుప్పిట్లోకి తీసుకోవాలి, కుదపాలి, గుప్పిట విప్పి వెయ్యాలి. బౌలింగ్ బటన్ అడిగిందీ ఇదే! అమ్మ ఎదురుగా కూర్చుంటే నాన్నకి పంతం ఎక్కువ. "మీ గుప్పిట ఎప్పుడు విప్పుతారో, నా కాయ ఎప్పుడు పండుతుందో" అని అమ్మ సాగదీస్తే, ఆ మాటకే వేళ్ళు విడేవి.

ఇప్పుడు నాన్న చొక్కా గుండీలు పైవి మూడు తనే పెట్టుకుంటాడు. చెంచాతో తింటాడు. ముద్ద కలుపుకోవడం, రాయడం రాలేదు, వస్తాయని మేం అనుకోవట్లేదు కూడా. మా వాడు ఇంజినీరింగ్‌లో చేరి హాస్టల్లో ఉన్నాడు. ఫోన్ చేస్తే ముందు తాతయ్య స్కోరెంత అని అడుగుతాడు. వీ స్పోర్ట్స్‌లో 1000 దాటితే ప్రో అంటారు. నాన్న బౌలింగ్‌లో 800ల దగ్గర తచ్చాడుతున్నాడు.

మీ ఇంట్లోనూ ఇలా ఒక చెయ్యి ఒళ్ళో పడి ఉంటే, ముందు డాక్టరునీ ఫిజియోనీ అడగండి. చక్రాలు లేని కుర్చీ వెయ్యండి. బలం తక్కువున్న వైపు ఒకరు కూర్చోండి. వీ, గవ్వలు, పేకముక్కలు, ఆయనకి ఒకప్పుడు ఏది ఇష్టమో అది తియ్యండి. "ఇలా కాదు, అలా" అని మధ్యలో సరిదిద్దకండి, ఆట పాడవుతుంది. మరీ ముఖ్యంగా, పెద్దవాళ్ళు కదా పాపమని ఓడిపోవద్దు. మా నాన్నకి అది ఇట్టే తెలిసిపోతుంది, రిమోట్ పక్కన పెట్టేస్తాడు.